మూడు రోజుల ఇల్లు

పెద్ద పండక్కి పాత ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో తాళాలు తీసిన ఇళ్ల కథ ఇది. అక్కలు, తమ్ముళ్లు, కోడళ్లు, జతగాళ్లు, మధ్యలో ఒక సంతకం.

మా జేజి ఉన్నన్నాళ్లూ భోగి ముందు రాత్రి ఎవరి మంచం ఎక్కడ వేయాలో ఆమే చెప్పేది. ఆడవాళ్లు నడిమింట్లో, పిల్లలు వసారాలో, మొగవాళ్లు అరుగుల మీద. అది పైకి కనపడే లెక్క. లోపలి లెక్క ఇంకొకటి ఉండేది. పెదనాయన మంచం తూర్పు అరుగు మీద పడితే మా నాన్నది పడమటి అరుగు మీద పడేది. ఇద్దరికీ మధ్య గడప, గడప లోపల జేజి చాప. చిన్నాయన తెచ్చిన అప్పు తీర్చని ఏడాది అతని మంచం చలిలోనే చింతచెట్టు కిందికి పోయింది. మళ్లీ మాటలు కలిసినాక అరుగెక్కింది. పన్నెండేళ్ల వయసులో బస్సు దిగి ఇంట్లోకి రాగానే నేను మంచాలు చూసేవాణ్ణి. ఆ ఏడాది ఎవరికి ఎవరితో పడటం లేదో అక్కడే తెలిసిపోయేది.

జేజి పోయి ఆరేళ్లయింది. ఇప్పుడా పని పెద్దమ్మ చేస్తోంది. నులక మంచాల స్థానంలో మడత మంచాలు, టెంటు హౌసు నుంచి తెచ్చిన పరుపులు వచ్చాయి. ఏడాదంతా కొద్దిమందే మసలే ఇంట్లో ఆ మూడు రోజులు ఇరవై ఆరుమందిమి పడుకుంటాం. నీళ్ల ట్యాంకు రెండుసార్లు ఖాళీ అవుతుంది. చెప్పులు వాకిట్లోంచి వీధిలోకి పారుతాయి. పెద్దమ్మ మాత్రం చీకటి పడగానే నడుం మీద చేయి పెట్టుకుని అటూ ఇటూ చూస్తుంది. జేజి చూసిన చూపే అది.

మా ఊరు బేస్తవారిపేట దాటి గిద్దలూరు పోయే దారిలో ఉంటుంది. పడమర నల్లమల, తూర్పున వెలిగొండలు, మధ్యన చేలు. హైదరాబాదులో ఉన్నవాళ్లు మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా రాత్రి బస్సుల్లో వస్తారు. శ్రీశైలం దారిన రావాలనుకున్నవాళ్లు పొద్దుటే బయలుదేరాలి. పులుల అడవిలో రాత్రిపూట చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. బెంగళూరు వాళ్లు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. నంద్యాల దాటి రైలు అడవిలోకి దిగగానే పెట్టెలో సామాన్లు సర్దుకునే చప్పుడు మొదలవుతుంది. దిగువమెట్ట, గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం రోడ్డు. ఆ స్టేషన్ల పేర్లు వరసగా చెప్పగలిగినవాడు ఏ ఊళ్లో ఇల్లు కట్టుకున్నా మావాడే.

తెలుగు సినిమాకు సంక్రాంతి అంటే గోదావరి జిల్లాలే. 2017 పండక్కి వచ్చిన ‘శతమానం భవతి’ పిల్లల్ని ఇంటికి రప్పించే తల్లిదండ్రుల కథ. మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం, కళ్లు తుడుచుకున్నాం. కానీ ఆ కొబ్బరితోటలు, ఆ కాలవ, ఆ పచ్చదనం మావి కావు. మా దగ్గర ఊరు వదలడానికి కారణాలు వేరు. ఐదారు వందల అడుగులు దించిన బోరు రెండు వేసవులు చూడకుండానే ఎండుతుంది. మార్కాపురం పలకల మీద దేశమంతా ఓనమాలు దిద్దింది. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక ఆ రాయి ఇళ్ల గోడలకీ నేలకీ పోతోంది. పలకల ఫ్యాక్టరీల్లో చేతులు అరగదీసుకున్నవాళ్ల పిల్లలు అపార్టుమెంట్ల వాచ్‌మన్లయ్యారు, మేస్త్రీలయ్యారు, కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులయ్యారు. అందరికీ తిరిగి వచ్చేందుకు దొరికేది ఈ మూడు రోజులే. అందుకని పెళ్లి మాటలు, భాగాల గొడవలు, అప్పుల లెక్కలు, అలకలు, క్షమాపణలు అన్నీ వీటిలోనే ఇరుక్కుంటాయి. మా ఇళ్లలో పండక్కి గొంతులు లేస్తున్నాయంటే అది ప్రేమ లేక కాదని చెప్పాలనే ఇది రాస్తున్నాను. మాట్లాడుకోవడానికి ఏడాదిలో మిగిలిన మూడొందల అరవై రోజులూ ఎక్కడెక్కడో ఖర్చయిపోయాయి.

వదిన పిన్ని అయిన రోజు

మా నాన్నకు ఒక అన్న, ఒక తమ్ముడు, ఒక అక్క, ఒక చెల్లెలు. పెద్దత్త పెళ్లి 1981లో అయింది, చిన్నత్తది 1989లో. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి. పెద్దత్త తన కూతుర్ని తన తమ్ముడికే, అంటే మా చిన్నాయనకే ఇచ్చింది. అక్క కూతురు మేనరికం. అప్పటికి నాకు ఏడేళ్లు. అంతవరకూ ఆమెను వదినా అని పిలిచేవాణ్ణి. మేనత్త కూతురు కదా, ఆ వరసే వస్తుంది. తాళి కట్టిన మర్నాడు పొద్దున ‘వదినా, నీళ్లు’ అంటే జేజి నా నెత్తిన మొట్టి, ‘వదినేందిరా, పిన్ని’ అంది. పిన్ని నవ్వింది. పెద్దత్త అదే రోజు తన తమ్ముడికి అత్తయింది. చిన్నాయన ఆమెను ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు. కోపం వస్తే మాత్రం ‘మీ అమ్మ’ అంటాడు పిన్నితో.

ఇలాంటి వరసలు బయటివాళ్లకు చిక్కుముడి. మాకు భాషలోనే ఉన్నాయి. మేనమామనూ పిల్లనిచ్చిన మామనూ మనం ఒకే మాటతో పిలుస్తాం. మేనత్తకూ భర్త తల్లికీ ఒకే మాట. మేనల్లుడూ అల్లుడే, ఇంటికొచ్చిన అల్లుడూ అల్లుడే. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా పండితుడు 1871లో అచ్చువేసిన చుట్టరికాల పుస్తకంలో తమిళ, కన్నడ వరసలతో పాటు తెలుగు వరసల్నీ పట్టికలుగా ఇచ్చాడు. 1981లో థామస్ ట్రాట్‌మన్ ‘ద్రవిడియన్ కిన్‌షిప్’ అని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. మేనరికం జరుగుతుందని ముందే అనుకుని అల్లిన మాటలు ఇవి అన్నది ఆ చదువులన్నిటిలో తేలే సంగతి. మా జేజికి పుస్తకాలు తెలియవు. ఆమె మాటల్లో చెప్పాలంటే, ‘పిల్ల బయటికి పోయినా పిల్ల బిడ్డ ఇంటికొస్తది.’

ఆ మాట వెనక పొలం ఉంది. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. వాన మీద బతికే తొమ్మిదెకరాలని ఐదు భాగాలు చేస్తే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకని ఆడపిల్లకు పొలం ఇవ్వలేదు. పసుపు కుంకుమ కింద కొంత బంగారం, పండగ పండక్కి చీర. కానీ ఆమె కూతుర్ని కోడలిగా తెచ్చుకున్నారు. అక్కకు ఇవ్వని భాగం అక్క కూతురి కంచంలోకి వచ్చింది. మేనరికాన్ని వెనకబాటుతనం అని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాకు చేతకాదు. పుట్టిల్లు ఆడపిల్లకు పడ్డ బాకీని తీర్చుకున్న దొడ్డిదారి అది.

ఆ దారికి వేరే ఖరీదూ ఉంది. చిన్నాయన పెద్దకొడుక్కి పుట్టుకతోనే వినపడదు. మేనరికం వల్లేనని తేల్చి చెప్పిన డాక్టరు లేడు, కాదని చెప్పిన డాక్టరూ లేడు. వాడు ఫోనులో వీడియో కాల్ పెట్టి చేతులతో మాట్లాడుతుంటే ఇంట్లో పిల్లలంతా చుట్టూ చేరతారు. పిన్ని మాత్రం వంటింట్లోకి వెళ్లిపోతుంది.

చిన్నత్తకూ ఒక కూతురు. ఆ అమ్మాయిని నాకు ఇవ్వాలని అత్త అనుకుంది. పైకి అడగలేదు, కానీ నేను ఇంటర్ చదివేటప్పటి నుంచి అందరికీ తెలుసు. నేను కాదన్నాను. రక్తసంబంధాల గురించి చదువుకున్నాను, చిన్నాయన కొడుకును చూశాను, ఆ పిల్లను నేను చెల్లెలిలాగే చూసి పెరిగాను. మూడూ నిజమే. విశాఖ వైపు అమ్మాయిని, నాతోపాటు పనిచేసే ఆమెను చేసుకున్నాను. తప్పు చేశానని ఇప్పుడూ అనుకోను. కానీ నేను మూసిన తలుపు ఏదో నాకు అప్పుడు తెలియదు. మా ఇంట్లో మేనరికాలు నాతోనే ఆగిపోయాయి. ఆ దారిన రావలసిన చిన్నత్త భాగం దారిలోనే ఉండిపోయింది.

పండగ ఎవరిది

ఈ కూడికలన్నీ సంక్రాంతికే జరుగుతాయని కాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒంగోలు మిషన్ దొర క్లౌ బృందం ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ కరువుకాలం నుంచి ఈ నేల మీద డిసెంబరే పెద్ద పండగైన పేటలు ఎన్నో ఉన్నాయి. అక్కడ క్రిస్మస్ చుక్క జనవరి దాకా దిగదు. ఒకే ఇంటిపేరున్న రెండిళ్లలో ఒక వాకిట చుక్క, ఒక వాకిట ముగ్గు చూసినవాణ్ణి. కంభంలో పీర్లకు ఊరు కదులుతుంది. శివరాత్రికి త్రిపురాంతకం కొండ నిండిపోతుంది. ఏ పండగ రాత్రయినా అరుగు మీద మాట చివరికి భాగాల దగ్గరికే వస్తుంది.

మా ఇంట్లో సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెడతారు. గోడ మీది ఫొటోలు దించి తుడిచి, బొట్లు పెట్టి, ముందు కొత్త పంచె, కొత్త చీర ఉంచుతారు. అరిసెలు, మణుగుబూలు, నాటుకోడి కూర వండి వడ్డిస్తారు. జేజికి చీర ఎప్పుడూ చిన్నత్తే తెస్తుంది. నంద్యాల నుంచి, తన డబ్బుతో. ఆ చీర తర్వాత ఎవరు కట్టుకోవాలన్నది కూడా ఆమే చెబుతుంది. పోయిన పండక్కి నా భార్య చేతిలో పెట్టింది. తన కూతురు పక్కనే నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి అంతకుముందే గంటసేపు బియ్యం ఏరారు, పిల్లల బడుల గురించి మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరి మధ్యా ఏమీ లేదు. ఉన్నదంతా చూసే మా కళ్లలోనే ఉంది.

నంద్యాల అంటే బయటి జిల్లా కదా అని హైదరాబాదు మిత్రులు అడుగుతారు. మాకు ప్రకాశమే కొత్త. 1970 ఫిబ్రవరి 2న జిల్లా పుట్టేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. మా సంబంధాలు నంద్యాల, ఆత్మకూరు వైపు కలిసినంతగా ఒంగోలు వైపు కలవలేదు. కాగితాల మీద జిల్లా మారినా పెళ్లిళ్లు పాత దారినే నడిచాయి.

ఈసారి చిన్నాయన కూతురు బెంగళూరు నుంచి ముగ్గురు ఆఫీసు ఫ్రెండ్స్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ముగ్గురినీ ఒకేలా పరిచయం చేసింది. కానీ ఆ అబ్బాయి నీళ్లు అడిగినప్పుడు ఆమె చెంబు తెచ్చిన తీరు పెద్దమ్మ చూసింది. పెదనాయన వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు. మూడో ప్రశ్న నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ వాకిట్లోంచి ‘ఆ పిల్లోణ్ణి తిననియ్యవా?’ అంది. రాత్రికి అతని మంచం పెదనాయన మంచం పక్కనే, తూర్పు అరుగు మీద వేయించింది. ఇద్దరూ చలికి దుప్పట్లు కప్పుకుని బోర్ల లోతుల గురించి మాట్లాడుకోవడం పదకొండింటి దాకా వినిపించింది. మూడో ప్రశ్నకు ఇంకా టైముంది. అది అడిగే రోజు ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పిన్నికీ తెలుసు, ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు.

నోటు వెనక చెల్లు

బంధువుల సంగతి ఒక ఎత్తు, జతగాళ్లది ఒక ఎత్తు. నాతో ఐదో తరగతి నుంచి చదివినవాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్న పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసేవాడు. బడికి పగుళ్లు లేని పలక తెచ్చేది వాడొక్కడే, నాకూ ఒకటి తెచ్చిచ్చేవాడు. కొన్నేళ్ల కింద వాడు బోరు వేయడానికి మా పెదనాయన దగ్గర రెండు లక్షలు తీసుకున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ప్రాంసరీ నోటు మీద సాక్షి సంతకం నాది. బోరులో పొడి లేచింది. వాడు బెంగళూరు పోయి మేస్త్రీ అయ్యాడు.

నోటుకు మూడేళ్లే బలం. ఆ లోపల కొంత డబ్బు చెల్లించి, నోటు వెనక ఆ సంగతి రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తుంది. దాన్ని మావాళ్లు చెల్లు వేయడం అంటారు. ఊరు వదిలినవాళ్లు చేతికి దొరికేది పండక్కే కాబట్టి చెల్లులు రాయించుకునేదీ పండక్కే. కనుమ సాయంత్రం మా సెంటరులో టీ అంగడి దగ్గర నిలబడితే చొక్కా జేబుల్లోంచి మడతలు పడిన నోట్లు బయటికి రావడం కనిపిస్తుంది. మినపగారెలు తిన్న చేతులతోనే సంతకాలు. నా జతగాడు రెండు పండగలు రాలేదు. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదన్నా రాలేదు. మూడో పండక్కి వచ్చి, పెదనాయన ముందు ఐదువేలు పెట్టి, చెల్లు రాసి, నా వైపు చూడకుండా వెళ్లబోయాడు. నేను వెనకే పోయి చేయి పట్టుకున్నాను. ‘పలక పగిలింది రా’ అన్నాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పిన ప్రతిసారీ వాడు అనే మాట అది. సాక్షి సంతకం పెట్టిన రోజు నేను మా పెదనాయన వైపు మనిషినయ్యానని వాడనుకున్నాడు. ఆ సంతకం వాడి కోసం పెట్టానని నేననుకున్నాను. ఒకే గీతకు రెండు అర్థాలు.

కనుమ రాత్రి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఎవరూ ప్రయాణం పెట్టుకోకూడదు. అందరూ ఉంటారు, ఎవరూ వెళ్లలేరు. మా ఇంట్లో పెద్ద మాటలన్నీ ఆ రాత్రే జరగడానికి కారణం అదే.

అనంతపురం–గుంటూరు రోడ్డు 544డి జాతీయ రహదారి అయ్యాక గిద్దలూరు, కంభం పొడవునా రోడ్డు పక్క చేలకు రేటు వచ్చింది. వెలిగొండ సొరంగాల కబురూ ఆ రేటుకు తోడైంది. కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు తొలి శంకుస్థాపన 1996లో. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో మొదటిది 2021లో, రెండోది 2024లో తవ్వడం పూర్తయింది. శ్రీశైలం నీళ్లతో 4.47 లక్షల ఎకరాలు తడపాలన్నది లక్ష్యం. నీళ్ల కన్నా ముందు ప్లాట్లు కొనేవాళ్లు వచ్చారు. మా నాన్న మూడెకరాలు, పెదనాయన మూడెకరాలు రోడ్డు వైపున్నాయి. కొంటామన్నవాళ్ల లాయరు కాగితాలు తిరగేసి ఒకే మాట అడిగాడు: ‘ఆడపడుచుల సంతకాలేవి?’

అన్నదమ్ముల పంపకం 1998లో జరిగింది. రాతిబండ మీద పెద్దమనుషులు కూర్చుని, తెల్లకాగితం మీద హద్దులు రాసి, వేలిముద్రలు వేయించారు. రిజిస్ట్రారు ఆఫీసు గడప ఎవరూ తొక్కలేదు. అత్తలిద్దర్నీ ఎవరూ పిలవలేదు. ఆ రోజు వంట మాత్రం వాళ్లే చేశారట.

చట్టం ఏమంటుందో మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. నేను కూర్చుని చదివాను. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందు పెళ్లయిపోయినవాళ్లకు అది వర్తించదు. అంటే 1981లో పెళ్లయిన పెద్దత్తకు లేదు, 1989లో పెళ్లయిన చిన్నత్తకు ఉంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇరవై ఏళ్లపాటు చట్టం ముందు వేర్వేరు కూతుళ్లు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం మారి ఇద్దర్నీ ఒకటి చేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా వాటా ఉంటుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలకు, కోర్టు డిక్రీలకు మాత్రం మినహాయింపు. రాతిబండ మీది తెల్లకాగితం అందులోకి రాదు.

హక్కు విడుదల దస్తావేజు తయారు చేయించి తెచ్చింది మా నాన్నే. ఆ డబ్బులో పెద్ద భాగం హైదరాబాదులో నేను తీసుకున్న ఫ్లాటు అప్పుకు పోతుంది. కాబట్టి ఆ సంతకంతో లాభపడేది నేను. ఇది దాచి ఈ కథ చెప్పడం నాకు న్యాయం అనిపించలేదు.

పెద్దత్త వెంటనే పెట్టేసింది. ‘నా కూతురు తినే ఇల్లే గదా’ అంది. చిన్నత్త చేతిలోకి కాగితాలు తీసుకుని లైటు కింద పట్టుకుంది.

‘ఒక్క సంతకమేనమ్మా’ అన్నాడు నాన్న.

‘అక్క కూతురు ఈ ఇంట్లో తింటుంది. నా కూతురు తినేది ఏది అన్నా?’

ఎవరూ మాట్లాడలేదు. అది కోపంతో అన్న మాట కాదు. ఎన్నాళ్ల నుంచో లోపల కూడబెట్టుకున్న లెక్క. పెదనాయన ‘పసుపు కుంకుమలు పెట్టలేదా, పండగ పండక్కి పిలవలేదా’ అన్నాడు. ‘పిలిచినారు, వచ్చినా, అందుకే అడుగుతుండా’ అంది ఆమె. నా భార్య నా వైపు చూసింది. నేను దీపం వైపు చూశాను.

అందరికన్నా నిశ్శబ్దంగా ఉన్నది చిన్నాయన. నాన్న మూడెకరాలు కౌలుకు చేసేది అతనే. నీళ్లున్న ఒక్క బోరు ఆ మూడెకరాల్లోనే ఉంది, మోటారు వంతు మీద అతని మిరప కూడా దాని నీళ్లతోనే బతుకుతోంది. పొలం అమ్మితే బోరు పోతుంది. చెల్లెలు సంతకం పెట్టకపోతేనే అతని సేద్యం నిలుస్తుంది. అన్నల ఎదుట ఆ మాట అనలేడు, చెల్లెలికి మద్దతిచ్చినట్టూ కనపడలేడు. పిన్ని తలుపు చాటున నిలబడి తల్లి వైపు చూస్తోంది. ఆ తల్లి సంతకం పెట్టింది కూతురి కంచం కోసమే. ఆ కంచాన్ని తీసేసేదీ ఆ సంతకమే. పెద్దత్తకు అది అప్పుడే తట్టింది. ‘రేయ్, పొలం అమ్ముతారంట్రా? నాకు చెప్పలేదే’ అంది నాన్నతో. అక్కడితో ఎవరు ఎటువైపో ఎవరికీ తెలియకుండా పోయింది.

పెద్దమ్మ వచ్చి లైటు ఆర్పేసింది. ‘పండగ నాడు సంతకాలేందయ్యా? పిల్లోళ్లు నిద్దర పోవాల’ అంది. ఆమె పుట్టిల్లు వెలిగొండ జలాశయం కింద ముంపుకు గురయ్యే పదకొండు ఊళ్లలో ఒకటి. అక్కడ పండగ అంటే ఎన్నో ఏళ్లుగా పునరావాసం జాబితాలే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి, ఆడైనా మగైనా, విడి కుటుంబం కిందికి వస్తారు. ఏ తేదీకి నిండాలన్నదాని మీద అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పుట్టిన తేదీల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునేవారట. తన తమ్ముడి కూతురికి నాలుగు నెలలు తక్కువైంది. ‘నాలుగు నెలలు ఆగి పుడితే తప్పంట’ అని పెద్దమ్మ ఎన్నిసార్లు అందో. మునిగిపోయే ఇంట్లో మంచాలు ఎక్కడ వేయాలన్న ప్రశ్న ఉండదు. అందుకేనేమో ఈ ఇంట్లో ఆమె అంత శ్రద్ధగా వేస్తుంది.

ఆ రాత్రి నాన్న మంచం పడమటి అరుగు నుంచి కదిలింది. కదిలించింది ఆమే. చిన్నత్త పడుకున్న వసారా గుమ్మం దగ్గర వేయించింది. తెల్లవారుజామున లేచి చూస్తే ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉన్నారు. పొలం గురించి కాదు, జేజినాయన కంభం చెరువు కట్ట మీద నడిపించుకుపోయిన రోజు గురించి మాట్లాడుకుంటున్నారు. విజయనగర కాలపు ఆ చెరువును 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. వాళ్లకు అది చేపల కూర తిన్న చోటు. ‘నువ్వు నన్ను భుజాన ఎక్కించుకోలా?’ అంటోంది అత్త. ‘నువ్వు బరువు గదా, చిన్నోడు ఎక్కించుకున్నాడు’ అంటున్నాడు నాన్న.

ముక్కనుమ మర్నాడు గిద్దలూరు స్టేషన్‌కు అత్తను దింపడానికి నేనూ నాన్నా వెళ్లాం. ఆమె కూతురు ముందే పెట్టె ఎక్కి కిటికీ పక్క సీటు పట్టింది. నాన్న అరిసెల డబ్బా, కంది బేడల సంచి పైకి అందించాడు. కాగితాలున్న ప్లాస్టిక్ కవరు అత్త చంకలోనే ఉంది.

‘నా దగ్గరే ఉండనీ అన్నా. ఎవరితోనైనా చదివించుకుంటా. ఉగాదికి వస్తా.’

‘ఉగాది దాకా ఎందుకు? శివరాత్రికి రా. త్రిపురాంతకం పోదాం’ అన్నాడు నాన్న. ఆయన ఆమెను పెద్ద పండక్కి కాకుండా పిలవడం నేను వినడం అదే మొదలు.

రైలు కదిలాక ఆయన చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. ఫ్లాటు అప్పు సంగతి నేను చూసుకుంటానని దారిలో చెప్పాను. ఆయన ఔననలేదు, కాదనలేదు, కిటికీలోంచి మిరప చేలు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చేసరికి టెంటు హౌసు ఆటో వాకిట్లో ఆగి ఉంది. పెద్దమ్మ పరుపులు లెక్కపెట్టి ఎక్కిస్తోంది.

‘శివరాత్రికి ఎందరొస్తారో చెప్పండబ్బా’ అంది మమ్మల్ని చూసి. ‘ఇప్పుడే చెప్పకపోతే ఆ మూడ్రోజులు వీళ్ల దగ్గర పరుపులు దొరకవు.’